బాలాజీ కాలనీ తెలుగు కోర్సు: పాఠం బాగుంది, గంటల లెక్కే మీరు చూసుకోవాలి

అమెరికాలో పీజీ, పీహెచ్‌డీ చేస్తూ, విదేశీ భాషల చదువుకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫ్లాస్ ఫెలోషిప్‌తో వేసవిలో తెలుగు చదవాలనుకునేవాళ్లు తిరుపతి బాలాజీ కాలనీలో నడిచే ఈ కోర్సు గురించి అడుగుతుంటారు. నడిపేది రిటైరైన లెక్చరర్లు. గంటకు 600 రూపాయలు, బ్యాచ్‌కి ముగ్గురికి మించి తీసుకోరు.

చెప్పే తీరుకు వంక పెట్టలేం. ఇంట్లో తెలుగు వింటూ పెరిగి చదవడం రాని పిల్లల్ని మొదటిరోజే గుర్తుపట్టి, వాళ్లకు గుణింతాలు, ఒత్తులు విడిగా నేర్పుతారు. పొద్దున వ్యాకరణం, దినపత్రికలో జిల్లా పేజీ. టిఫిన్ అయ్యాక సంభాషణ. బజారులో విన్న ‘చేస్తా ఉండాడు’ క్లాసులో అంటే మాత్రం వెంటనే దిద్దేస్తారు. తిరుపతికి వచ్చి ఆ మాట నేర్చుకోకపోతే ఇంత దూరం రావడం దేనికి?

మొదటి చిక్కు గంటల దగ్గర. వేసవి ఫ్లాస్‌కు కనీసం 6 వారాలు ఉండాలి. ప్రాథమిక, మధ్యమ స్థాయులకు 140 బోధన గంటలు, పైస్థాయికి 120. ఇక్కడ రోజుకు 4 గంటలు, వారానికి 5 రోజులు. అంటే 6 వారాలకు సరిగ్గా 120. మధ్యమ స్థాయి వాళ్లకు 20 గంటలు తక్కువ. శనివారం కూడా కలిపితే 144 అవుతుంది, కానీ ఒక్క సెలవొస్తే ఆ మిగులూ పోతుంది. 7 వారాలు, వారానికి 6 రోజులు అడగండి. మేలో మొదలుపెడితే గంగమ్మ జాతర వారంలో క్లాసు జరుగుతుందని ఆశపడొద్దు. వేషాలు చూస్తూ ఎంత తెలుగు మాట్లాడినా అది బోధన గంటల్లోకి రాదు. 50 నిమిషాల పీరియడ్‌ను గంటగా లెక్కేస్తారో లేదో మీ యూనివర్సిటీ ఫ్లాస్ ఆఫీసును మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. వీళ్ల హాజరు పుస్తకంలో తేదీ ఉంటుంది కానీ మొదలైన టైము, ముగిసిన టైము ఉండవు. ఆ రెండు గడులు మొదటిరోజే గీయించాలి.

రెండోది వీసా. టూరిస్టు వీసా మీద స్థానిక భాష నేర్చుకోవచ్చు. అయితే అది 6 నెలలు మించకూడదు, ప్రణాళిక కట్టి నడిపే లాంఛన కోర్సు కాకూడదు, అర్హత సర్టిఫికెట్ ఇవ్వకూడదు. ఇటు ఫెలోషిప్ వాళ్లకేమో సిలబస్, మూల్యాంకనం కాగితాలు కావాలి. వీళ్లు ముచ్చటగా బంగారు అంచు సర్టిఫికెట్ ఇస్తారు. అదే ఇబ్బంది తెచ్చిపెట్టొచ్చు. ఏ వీసా సరిపోతుందో టికెట్ కొనకముందే భారత కాన్సులేట్‌ను అడగండి. భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నవాళ్లకు వీసా బెడద లేదు.

బసకు మేడమీద పోర్షన్ చూపిస్తారు, శుభ్రంగానే ఉంటుంది. విదేశీయులు దిగిన 24 గంటల్లో ఇంటి ఓనరు ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాలతో ఫారం III (ఇంతకుముందు ఫారం సి) నింపాలని మాత్రం ఎవరూ చెప్పరు. మీరే గుర్తుచేయండి.

తాళపత్రాలు చదవాలనుకునే పైస్థాయి వాళ్లకు ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థ దగ్గరే. మీ శాఖ నుంచి లేఖ తెచ్చుకోండి.

కాగితాల పని ఇంత వద్దనుకుంటే హైదరాబాదులో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ తెలుగు కోర్సు మేలు. తిరుపతే అనుకుంటే, వీళ్లు సగం ఫీజు అడ్వాన్సుగా అడుగుతారు. ఆ ఏడాది ఫెలోషిప్ నిధులు ఖాయమై, విదేశీ ప్రయాణానికి అమెరికా విద్యాశాఖ అనుమతి చేతికొచ్చేదాకా ఇవ్వకండి. రద్దయితే ఎంత తిరిగిస్తారో రసీదు మీదే రాయించుకోండి.