ఫోన్ మీద పెత్తనం ఎవరిది? సెట్టింగ్స్, ఏడీబీ, కస్టమ్ రోమ్, ఐఫోన్: ఏది మేలు?

ఫోన్ మన చెప్పుచేతల్లో ఉండాలని అందరూ అంటారు. అంటే ఏం కావాలని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు. కొందరికి కాంటాక్టులు, ఫొటోలు, లొకేషన్ యాప్‌ల చేతిలో పడకూడదు. కొందరికి కొన్న రోజు నుంచీ తిష్ట వేసుకుని కూర్చున్న యాప్‌లు పోవాలి, నోటిఫికేషన్లలో ప్రకటనల గోల ఆగాలి. ఇంకొందరు అసలు గూగుల్‌కే ఏమీ తెలియకూడదంటారు. ఈ మూడింటికీ ఒకే మందు లేదు. యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని మొదటి దానికోసం ఫోన్ రూట్ చేసి (అంటే సిస్టమ్ మీద పూర్తి అధికారం తీసుకుని), జీతం పడే బ్యాంకు యాప్ తెరుచుకోక తల పట్టుకునేవాళ్లు ఉన్నారు.

నా మాట ముందే చెప్పేస్తాను. టీకొట్టు దగ్గర కూడా యూపీఐతో కట్టే మనలాంటి వాళ్లకి సెట్టింగ్సే మొదటి దారి, కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే ఏడీబీ రెండోది. కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేరేది ఎక్కించే కస్టమ్ రోమ్ రోజూ వాడే ఫోన్‌కి కాదు. ఐఫోన్ సంగతి జేబుని బట్టి.

ముందు ఫోన్‌లో ఇప్పటికే ఉన్నవి చూద్దాం. ఒకప్పుడు ఆండ్రాయిడ్‌లో యాప్ వేసుకోవాలంటే అది అడిగినవన్నీ ఒకేసారి ఒప్పుకోవాల్సి వచ్చేది. 2015లో వచ్చిన మార్ష్‌మాలో వెర్షన్ నుంచే ఒక్కో పర్మిషన్‌కి విడిగా అవునో కాదో చెప్పే వీలు దొరికింది. 2019లో ఆండ్రాయిడ్ 10 లొకేషన్‌ని ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని కట్టడి చేసింది. 11లో ‘ఈ ఒక్కసారికే’ వచ్చింది, నెలల తరబడి తెరవని యాప్‌ల పర్మిషన్లు వాటంతటవే రద్దయ్యే ఏర్పాటు వచ్చింది. 13లో నోటిఫికేషన్ పంపాలన్నా అడగాల్సిందే. 14లో గ్యాలరీ మొత్తం కాకుండా మనం ఎంచిన ఫొటోలే ఇవ్వొచ్చు.

వీటన్నిటిలో నాకు బాగా పనికొచ్చేది ఆండ్రాయిడ్ 12లో వచ్చిన ప్రైవసీ డాష్‌బోర్డ్. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద ఉంటుంది. తెరిస్తే గడిచిన 24 గంటల్లో లొకేషన్, కెమెరా, మైక్ ఎవరు ఎన్నింటికి వాడుకున్నారో వరసగా కనిపిస్తుంది. మీరు నిద్రపోతున్న సమయంలో ఒక షాపింగ్ యాప్ లొకేషన్ చూసిందని అక్కడ కనబడితే దానితో వాదన అక్కర్లేదు, ఆ గీత మీదే నొక్కి పర్మిషన్ తీసేయొచ్చు. యాప్‌ల జాబితా మొత్తం కూర్చుని దులపడం కంటే ఇది నయం. ఎవరు నిజంగా తీసుకుంటున్నారో వాళ్ల దగ్గర నుంచే మొదలుపెడతాం.

కాంటాక్టుల దగ్గర మాత్రం మామూలు ఆండ్రాయిడ్ ఇన్నేళ్లూ మొండిగానే ఉంది. ఇస్తే పుస్తకం మొత్తం, లేకపోతే ఏమీ లేదు. దీని ఫలితం ఏమిటో తెలంగాణలో 2020 చివర్లో చూశాం. లోన్ యాప్‌లు కాంటాక్టులన్నీ లాగేసుకుని, వాయిదా తప్పినవాళ్ల బంధువులకి, ఆఫీసు వాళ్లకి ఫోన్లు చేసి పరువు తీశాయి. ప్రాణాలు పోయాయి. ఆ డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద పడి అరెస్టులు చేశారు. తర్వాత రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరు మార్గదర్శకాల్లో అప్పిచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫైళ్ల జోలికి పోకూడదంది. కెమెరా, లొకేషన్ లాంటివి కూడా కేవైసీ కోసం ఒక్కసారికే, అదీ మనం ఒప్పుకుంటేనే. గూగుల్ కూడా 2023 మే 31 నుంచి ప్లేస్టోర్‌లోని పర్సనల్ లోన్ యాప్‌లకి కాంటాక్టులు, ఫొటోలు అడగడం నిషేధించింది. కాబట్టి ఇవాళ ఏ లోన్ యాప్ అయినా కాంటాక్టులు అడిగిందంటే అక్కడే దాని సంగతి తేలిపోయినట్టు. ప్లేస్టోర్‌తో పనిలేకుండా నేరుగా యాప్ వేసే ఏపీకే ఫైళ్లు వాట్సాప్‌లో వస్తుంటాయి, వాటికి మాత్రం ఏ రూలూ పట్టదు.

సెట్టింగ్స్‌లోనే మరో రెండు చోట్ల చెయ్యి పెట్టాలి. గూగుల్ సెట్టింగ్స్‌లో ప్రకటనల కింద అడ్వర్టైజింగ్ ఐడీని డిలీట్ చేయొచ్చు. అది పోతే రెండు యాప్‌లలో తిరిగేది ఒకే మనిషని ప్రకటనల కంపెనీలు అతికించుకోవడం కష్టమవుతుంది. రెండోది, ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్‌ఎస్, అంటే ఫోన్ వెబ్‌సైట్ల, సర్వర్ల చిరునామాలు ఎవరిని అడిగి తెలుసుకోవాలో చెప్పే సెట్టింగ్. అక్కడ యాడ్‌గార్డ్ లాంటి సంస్థ ఇచ్చే చిరునామా రాస్తే చాలా యాప్‌లలో, గేముల్లో ప్రకటనలు రావడం మానేస్తాయి. యూట్యూబ్‌లో మాత్రం ఆగవు, ఎందుకంటే అక్కడ వీడియో వచ్చే చోటు నుంచే ప్రకటనా వస్తుంది. అప్పుడప్పుడు ఏదో ఒక పేమెంట్ పేజీ తెరుచుకోదు. అప్పుడు కాసేపు ఆఫ్ చేసుకుంటే సరి.

ఇక ఏడీబీ. కంప్యూటర్‌కి కేబుల్‌తో కలిపి ఫోన్‌కి ఆదేశాలు ఇచ్చే పద్ధతి ఇది. యాప్‌లు రాసేవాళ్ల కోసం గూగులే ఇచ్చిన సాధనం కాబట్టి దొడ్డిదారేమీ కాదు. సెట్టింగ్స్‌లో ‘బిల్డ్ నంబర్’ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ 11 నుంచి వైర్‌లెస్ డీబగ్గింగ్ కూడా ఉంది కాబట్టి షిజుకు, కాంటా అనే రెండు చిన్న యాప్‌లతో కంప్యూటర్ లేకుండానే పని జరిగిపోతుంది. షిజుకుతో ఒక్కటే చికాకు, ఫోన్ రీస్టార్ట్ అయితే మామూలుగా దాన్ని మళ్లీ మొదలుపెట్టుకోవాలి.

దీనితో ఏం ఒరుగుతుందో చూడాలంటే యాప్‌ల జాబితాలో ‘సిస్టమ్ యాప్‌లు చూపించు’ నొక్కండి. ఫేస్‌బుక్ ఎప్పుడో తీసేశాననుకున్న చాలా ఫోన్లలో మెటా సర్వీసెస్, మెటా యాప్ మేనేజర్, మెటా యాప్ ఇన్‌స్టాలర్ అనే మూడు పేర్లు దర్శనమిస్తాయి. ఐకాన్ ఉండదు కాబట్టి ఇవి ఉన్నట్టే తెలియదు. కొన్ని ఫోన్లలో వీటిని డిసేబుల్ చేయనిస్తారు, కొన్నింట్లో ఆ బటనే వెలిసిపోయి ఉంటుంది. అక్కడే ఏడీబీ అక్కరకొస్తుంది. లాక్ స్క్రీన్ మీద రోజుకో బొమ్మతో పలకరించే సర్వీసు, కంపెనీ వాళ్ల బ్రౌజర్, కంపెనీ వాళ్ల యాప్ స్టోర్, అన్నీ ఇదే దారిన పోతాయి.

అయితే ఇది పూర్తిగా పీకేయడం కాదు. మన వాడకం వరకు యాప్ పోతుంది, దాని ఫైలు మాత్రం సిస్టమ్‌లో అలాగే పడి ఉంటుంది. జాగా కలిసిరాదు. ఫ్యాక్టరీ రీసెట్ కొడితే అన్నీ తిరిగొస్తాయి. నా లెక్కలో ఇది లోపం కాదు, భద్రతే. తీయకూడనిది తీసేసి ఫోన్ లోగో దగ్గర ఆగిపోతే రీసెట్‌తో బయటపడొచ్చు, డేటా పోయినా ఫోన్ మిగులుతుంది. షావోమీ ఫోన్లలో ఫైండ్ డివైస్ లాంటి భాగాన్ని తీసి ఆ గతి పట్టించుకున్నవాళ్లు చాలామందే. పేరు చూసి ఊహించి తీయకండి. యూనివర్సల్ ఆండ్రాయిడ్ డీబ్లోటర్ లాంటి సాధనాల్లో ఏది తీసినా ఇబ్బంది లేదో, ఏది ముట్టుకోకూడదో రాసి ఉంటుంది. పని అవగానే డెవలపర్ ఆప్షన్స్ ఆఫ్ చేయండి, అవి ఆన్‌లో ఉంటే తెరుచుకోకుండా మొరాయించే బ్యాంకు యాప్‌లు మన దేశంలో ఉన్నాయి.

కస్టమ్ రోమ్ అంటే కంపెనీ వేసిన సాఫ్ట్‌వేర్‌ని మొత్తంగా దించేసి వేరేది ఎక్కించడం. 2016 చివర్లో సయనోజెన్‌మాడ్ మూతపడ్డాక దాని వారసుడిగా వచ్చిన లినేజ్ ఓఎస్ వీటిలో అందరికీ తెలిసింది. దీనిలో గూగుల్ యాప్‌లే ఉండవు, కావాలంటే మనమే వేసుకోవాలి. ఒక యాప్‌కి ఇంటర్నెట్టే ఇవ్వకుండా ఆపే స్విచ్ ఉంది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన పాత ఫోన్‌కి మళ్లీ ఊపిరి పోస్తుంది. ఇంత చెప్పాక వద్దనడం ఎందుకంటే, దానికి ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ని మొదలుపెట్టే భాగం) తాళం తీయాలి. తీయగానే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. శాంసంగ్‌లో బయటి సాఫ్ట్‌వేర్ వేస్తే నాక్స్ అనే వాళ్ల భద్రతా వ్యవస్థలో గుర్తు పడిపోయి సెక్యూర్ ఫోల్డర్ ఇక ఎప్పటికీ పనిచేయదు. షావోమీలో అనుమతి అడిగి 168 గంటలు ఆగాలనే రూలు చాలాకాలం ఉండేది, వాళ్ల కొత్త సాఫ్ట్‌వేర్ హైపర్ఓఎస్ వచ్చాక ఇంకా బిగించారు.

ఆ తతంగమంతా దాటినా ప్లే ఇంటెగ్రిటీ ఎదురవుతుంది. ఫోన్‌లో ఉన్నది కంపెనీ అసలు సాఫ్ట్‌వేరేనా, తాళం వేసే ఉందా అని గూగుల్‌ని అడిగి తెలుసుకునే వీలు యాప్‌లకి ఉంది. కాదని జవాబు వస్తే బ్యాంకు యాప్‌లు, పేమెంట్ యాప్‌లు కొన్ని తలుపు వేసేస్తాయి. మ్యాజిస్క్ అనే సాధనంతో రూట్ చేసి, రూట్ లేనట్టు నటింపజేసే కిటుకులు ఉన్నాయి కానీ అది దొంగా పోలీసు ఆట. ఈ వారం పనిచేసింది వచ్చే వారం చేయదు, కరెంటు బిల్లు ఆఖరి రోజే చేయదు. పైగా చాలా ఫోన్లలో లినేజ్ వేశాక తాళం మళ్లీ వేయలేం. అంటే యాప్‌ల నుంచి డేటాని కాపాడుకున్నాం గానీ, ఫోన్ చేతికి చిక్కినవాడు సిస్టమ్‌నే మార్చే వీలు కల్పించాం. రూట్ గురించి ఇంతకంటే చెప్పను. ప్రయోగాలంటే సరదా ఉంటే పాత ఫోన్ మీద చేసుకోండి.

గ్రాఫీన్ ఓఎస్ అనే కస్టమ్ రోమ్ మాత్రం ఈ గాటన కట్టేది కాదు. అది వేశాక బూట్‌లోడర్ తాళం తిరిగి వేసేయొచ్చు. గూగుల్ ప్లేని ప్రత్యేక అధికారాలేవీ లేకుండా మామూలు యాప్ లాగే నడిపిస్తుంది. కాంటాక్టులు అడిగే యాప్‌కి మనం ఎంచుకున్న నాలుగు పేర్లే చూపించి, పుస్తకం మొత్తం అంతేనని నమ్మిస్తుంది. నేను పైన చెప్పిన కాంటాక్టుల మొండితనానికి ఆండ్రాయిడ్ ప్రపంచంలో ఇంత చక్కని మందు ఇంకోటి చూడలేదు. కానీ ఇది గూగుల్ పిక్సెల్ ఫోన్లకే వస్తోంది. గూగుల్ నుంచి తప్పించుకోవడానికి గూగుల్‌కే డబ్బు కట్టడమన్నమాట! పిక్సెల్‌లో చవకైన మోడల్‌కి పెట్టే డబ్బుతో రెండు మూడు బడ్జెట్ ఫోన్లు వస్తాయి. మన బ్యాంకు యాప్‌లు ఇందులో కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు. మీ బ్యాంకుది ఏ రకమో కొనకముందే కనుక్కోవాలి.

ఐఫోన్ వాళ్ల బేరం వేరు. యాప్‌ల మీద అదుపు బాగా ఇస్తుంది, ఫోన్ మీద మాత్రం ఇవ్వదు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఐఓఎస్ 14.5 నుంచి వేరే యాప్‌లలో మన వెంటపడాలంటే ముందు మనల్ని అడగాల్సిందే. 2024లో ఐఓఎస్ 18తో ఎంచుకున్న కాంటాక్టులే ఇచ్చే వీలు వచ్చింది. ఇవన్నీ యూపీఐకి ఏ ఆటంకమూ లేకుండా. కానీ మన దేశంలో యాప్ స్టోర్ బయటి నుంచి యాప్ వేసుకోనివ్వరు, ఆపిల్ ఏం తీసుకుంటోందో ఆపిల్ మాట మీదే నమ్మాలి. అంత ధర ఇందుకోసమే పెట్టమని నేను ఎవరికీ చెప్పను. ఎలాగూ కొన్నవాళ్లు సెట్టింగ్స్‌లో యాప్ ప్రైవసీ రిపోర్ట్ ఆన్ చేసుకుంటే ఏ యాప్ ఏ సర్వర్‌తో మాట్లాడుతోందో చూడొచ్చు.

నాలుగింటినీ ఒకే చోట పెట్టి చూడాలంటే తెలుగు కీబోర్డు మంచి పరీక్ష. తెలుగులో టైప్ చేయడానికి ఏదో ఒక కీబోర్డు యాప్ వేసుకుంటాం, మనం రాసే ప్రతి అక్షరం దాని చేతుల మీదుగానే వెళ్తుంది. దానికి కావాల్సింది అక్షరాలే, ఇంటర్నెట్ కాదు. ఐఫోన్‌లో ‘ఫుల్ యాక్సెస్’ ఇవ్వకపోతే బయటి కీబోర్డు రాసింది ఎక్కడికీ పంపలేదు. లినేజ్‌లో, గ్రాఫీన్‌లో ఒక్క స్విచ్‌తో దాని నెట్ కట్. మామూలు ఆండ్రాయిడ్‌లో ఆ స్విచ్ లేదు. నెట్‌గార్డ్ లాంటి ఫైర్‌వాల్ యాప్ వేసి ఆపాలి, అది వీపీఎన్ స్థానాన్ని వాడుకుంటుంది కాబట్టి ఆఫీసు వీపీఎన్‌తో ఒకేసారి కుదరదు. ఏడీబీతో కంపెనీ వేసిన కీబోర్డుని తీసేయొచ్చు గానీ మనం వేసుకున్నదాని నెట్ గొడవ తీరదు. ఇక్కడ తేలికైన దారి యాప్‌నే మార్చడం. ఎఫ్‌-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్‌లో దొరికే హెలీబోర్డ్ అసలు ఇంటర్నెట్ పర్మిషనే అడగదు. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వాళ్లు మొదలుపెట్టిన ఇండిక్ కీబోర్డ్‌లో తెలుగు ఉంది, దాని కోడ్ అందరికీ కనబడేదే. సూచనలు జీబోర్డ్ అంత చురుగ్గా రావు, ఒప్పుకోవాల్సిందే.

అందుకే పదిహేను, ఇరవై వేల ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవాళ్లు ఒక ఆదివారం సాయంత్రం డాష్‌బోర్డ్, అడ్వర్టైజింగ్ ఐడీ, ప్రైవేట్ డీఎన్‌ఎస్ చూసుకుని, ఇంకా విసిగించేవి మిగిలితే ఏడీబీకి వెళ్లడం మేలు. కొత్త ఫోన్‌కి ఎక్కువ పెట్టగలిగి, కాస్త ఓపిక కూడా ఉన్నవాళ్లకి పిక్సెల్ మీద గ్రాఫీన్ ఐఫోన్ కంటే మంచి బేరం. ఓపిక లేనివాళ్లకి ఐఫోనే.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ అయితే ఏడీబీ కూడా వద్దు. ఏదైనా తేడా వస్తే మనం పక్కన ఉండం. వాళ్ల ఫోన్‌లో సెట్టింగ్స్ తెరిచి ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అని వెతకండి. ఆ జాబితాలో వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్‌లకి అనుమతి ఉంటే తీసేయండి. ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో, పీఎం కిసాన్ అనో వచ్చే ఏపీకేలు లోపలికి దూరేది ఎక్కువగా ఈ మూడింట్లో ఏదో ఒకదాని గుండానే. ఆ తర్వాత ఎస్‌ఎంఎస్ పర్మిషన్, నోటిఫికేషన్ యాక్సెస్, యాక్సెసిబిలిటీ ఎవరెవరికి ఉన్నాయో చూడండి. ఓటీపీలు చదవగలిగేది వీటి ద్వారానే కాబట్టి బ్యాంకు, యూపీఐ, మెసేజ్ యాప్ కాకుండా ఇంకెవరి పేరు కనబడినా ముందు తీసేసి, పని ఆగితే అప్పుడు ఆలోచించొచ్చు.