పెంటియం ఓవర్‌డ్రైవ్ 83: ఫ్యాన్ ఆగినా కాలిపోని ప్రాసెసర్

ఇంటెల్ వాళ్ల పాత 486 రకం కంప్యూటర్ బోర్డులో పెట్టుకునే ఈ ప్రాసెసర్ గురించి ఎవరు మాట్లాడినా 83 మెగాహెర్ట్జ్ వేగం దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం దీని నెత్తిన ఉన్న బుల్లి ఫ్యానంటేనే ఇష్టం.

మా ఇల్లు విశాఖ పెదవాల్తేరులో, బీచ్‌కి దగ్గర. ఏటా రంగు వేయించకపోతే కిటికీ ఊచలే తుప్పుపట్టి రాలతాయి, ఇక కంప్యూటర్ సంగతి చెప్పాలా! భవనాల ఫ్రేముల లెక్కలకి ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాషలో రాసుకున్న ప్రోగ్రాం ఇంకా ఆ 486 మీదే నడుపుతున్నాను. ఒక వేసవిలో, మామూలుగా టీ తాగి వచ్చేసరికి అయిపోయే లెక్క భోంచేసి వచ్చినా తేలలేదు. ఒకటే టెన్షన్. వైరస్ లేదు, డిస్క్ బాగుంది. ర్యామ్ తీసి తుడిచి పెట్టినా అంతే. క్యాబినెట్ మీద ఎర్ర అంకెలు 83 అనే చూపిస్తున్నాయి గానీ అవి జంపర్లతో, అంటే పిన్నులకి తొడిగే చిన్న తొడుగులతో పెట్టినవి, వేగాన్ని కొలిచేవి కావు. మూత తీస్తే తెలిసింది, ఫ్యాన్ బిగుసుకుపోయింది.

ఫ్యాన్ తిరుగుతోందో లేదో ఈ ప్రాసెసర్ తనే కనిపెట్టుకుని ఉంటుంది. ఆగిందంటే బోర్డు వేగానికి రెండున్నర రెట్లు పరిగెత్తడం మానేసి, బోర్డు ఇచ్చే 33 మెగాహెర్ట్జ్‌తోనే నెమ్మదిగా పని చేసుకుపోతుంది. 1995 నాటి చిప్పులో ఇంత ముందుచూపు! విశాఖ మే నెల ఉక్కలో అది బతికి బయటపడింది, నా లెక్క కూడా తప్పు లేకుండా పూర్తయింది.

క్లిప్పు నొక్కితే ఫ్యాన్ ఊడి వస్తుంది. ఇరుసులో కుట్టుమిషను నూనె చుక్క వేసి, కరెంటు అందే రేకుల మీది చిలుము గీకేస్తే మళ్లీ తిరిగింది, వేగమూ వచ్చింది. అయితే ఫ్యాన్ ఆగిన సంగతి తెర మీద ఒక్క ముక్క చెప్పదు. ఈ ఫ్యాన్ పూర్తిగా పాడైతే ఇలాంటిదే వెతుక్కోవాలి. మామూలు ఫ్యాన్ కడితే చల్లబడుతుందే తప్ప, తిరుగుతున్నట్టు ప్రాసెసర్‌కి కబురు అందదు.

వేగం సంగతికొస్తే, దశాంశాల లెక్కల్లో నా పాత 486 కంటే చాలా మెరుగు. మెమరీతో ఎక్కువ పనిపడితే అంత తేడా కనిపించదు. మామూలు పెంటియం ప్రాసెసర్‌కి మెమరీ వైపు 64 బిట్ల దారి ఉంటే దీనికి 486 బోర్డులోని 32 బిట్లే. మీ పని టైపింగో, ఖాతాలు రాయడమో అయితే 486 బోర్డులోనే పెట్టుకునే మరో ప్రాసెసర్, ఏఎమ్‌డీ 5ఎక్స్86 సరిపోవచ్చు, మీ బోర్డు 3.45 వోల్టులు ఇవ్వగలిగితే. నా బోర్డు 5 వోల్టులే ఇస్తుంది, ఓవర్‌డ్రైవ్ దాన్ని తనే తగ్గించుకుంటుంది. నా పనికి, సముద్రం పక్కన ఉన్న నా ఇంటికి ఇదే కుదిరింది.