డబ్బాలో ఏముందో చూశాకే గన్ను: డెల్టాలో నాలుగు స్ప్రేయర్లతో పన్నెండేళ్లు

ఆరేళ్ల క్రితం, శ్రావణమాసం. కోనసీమలో అంబాజీపేట దగ్గర ఒక మండువా ఇంట్లో పెళ్లి. వీధి గుమ్మం టేకు తలుపులకు పాత వార్నిష్ గీకి, ఎన్‌సీ లక్కర్ (చెక్కకి వేసే మెరుపు పూత) కొట్టే పని నాది. పొద్దున్నుంచీ ముసురు. ముహూర్తం మీదకొచ్చేసిందన్న టెన్షన్‌లో నేనూ ఆగలేదు. రెండో కోటు పడిన ఐదు నిమిషాలకే తలుపంతా తెల్లటి పొర కమ్మేసింది. తుడిస్తే పోయేది కాదు, లోపలి నుంచి వచ్చిన తెలుపు. ఇంటి పెద్దాయన కళ్లజోడు సర్దుకుని దగ్గరకొచ్చి, “ఏం మేస్త్రీ, తలుపుకి పాలుగానీ పోశావా?” అన్నారు. “ఆరితే పోతుందండి” అన్నాను. సాయంత్రం దాకా చూశాం, పోలేదు.

స్ప్రే గన్ను కొని అప్పటికి నెల కూడా కాలేదు. ముందు దాన్నే అనుమానించాను. విప్పి కడిగాను, నాజిల్ మార్చాను. తప్పు గన్నుది కాదు. లక్కర్‌ని పలచన చేసే థిన్నర్ చాలా వేగంగా ఎగిరిపోతుంది. ఎగిరిపోతూ చెక్క మీది పొరను చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లటి పొర మీద చెమ్మ పట్టి, అందులోనే చిక్కుకుపోతుంది. చన్నీళ్ల చెంబు బయట చెమర్చినట్టే. మూడో రోజు ఎండ కాసింది. నిదానంగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ని ఒక్క తడి పడేంత పలచగా కొట్టాను. పొర మెత్తబడి, చెమ్మ బయటికి పోయి, టేకు గీతలు మళ్లీ కనపడ్డాయి. పెళ్లి నాడు ఆ తలుపులో మామిడి తోరణం నీడ కనిపించింది.

అప్పటి నుంచి ఎవరైనా “ఏ స్ప్రే మిషన్ కొనమంటారు?” అని అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే: అందులో ఏం పోస్తారు? రంగు ఎంత చిక్కన, దేనితో పలచబడుతుంది, ఎంతసేపట్లో గట్టిపడుతుంది? ఈ మూడూ తెలిస్తే మిషన్ సగం తేలిపోయినట్టే. మిగతా సగం మన గాలి తేలుస్తుంది. చుట్టూ కాలవలు, వరిచేలు, చెరువులు, కిందికి పోతే సముద్రం. పొడి ఊళ్లలో పనిచేసే లెక్కలు ఇక్కడ పనిచేయవు.

నా దగ్గర అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది రెండు హెచ్‌పీ కంప్రెసర్, పైన రంగు కప్పు ఉండే హెచ్‌వీఎల్‌పీ (ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడి) గన్ను. మొదట్లో ఇదే గన్నుని ఒక హెచ్‌పీ కంప్రెసర్‌కి తగిలించి నెల రోజులు అవస్థ పడ్డాను. ఈ రకం గన్ను ఒత్తిడి మీద కాదు, గాలి మోతాదు మీద నడుస్తుంది. మూతి దగ్గర ఒత్తిడి 10 పీఎస్‌ఐ మించదు, గాలి మాత్రం విపరీతంగా తాగుతుంది. తలుపు రెక్క సగానికి వచ్చేసరికి చిన్న కంప్రెసర్ ఆయాసపడేది, రంగు తుంపర్లు తుంపర్లుగా పడేది. పెద్దది వచ్చాక అదే గన్నుతో, అదే నాజిల్‌తో కోటు వెన్న రాసినట్టు పడింది. పాత తరహా గన్నులో సగానికి పైగా రంగు గాలిలో కలిసిపోతుంది. ఇందులో సరిగ్గా కొడితే కనీసం 65 శాతం చెక్క మీదే నిలుస్తుంది. పీయూ (పాలీయురేతేన్ పూత) డబ్బా ఖరీదు తెలిసినవాళ్లకు ఆ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు.

నాజిళ్ల విషయంలో మొహమాటపడకండి, గన్నుతోపాటే మూడు సెట్లు తీసుకోండి. లక్కర్‌కీ పీయూ క్లియర్‌కీ నేను 1.3 లేదా 1.4 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్నది వాడతాను. ఇనుము మీద ప్రైమర్‌కి 1.8. ఒక్క నాజిల్‌తోనే అన్నీ లాగించాలని చూస్తే చిక్కటి రంగులో థిన్నర్ కుమ్మరించాల్సి వస్తుంది, అప్పుడు నిలువు పని మీద రంగు కారిపోతుంది. ఎంత పలచన చేయాలో కంటితో తేల్చడం నేను మానేశాను. బీ4 కప్పు అని అడుగున చిన్న చిల్లు ఉండే కప్పు దొరుకుతుంది. నింపి వదిలి, ధార తెగేదాకా సెకన్లు లెక్కపెట్టాలి. లక్కర్‌కి 20 సెకన్లకు అటూ ఇటూ ఉంటే నాకు బాగా పడుతుంది. డబ్బా మీద కంపెనీ వేరే లెక్క రాస్తే దాన్నే పాటించండి.

గన్ను పట్టుకునే దూరం జానెడు. కొత్త కుర్రాడు వస్తే వేళ్లు చాపించి, గన్ను మూతికీ చెక్కకీ మధ్య వాడి చెయ్యే పెట్టించి చూపిస్తాను. అంతకన్నా దూరమైతే రంగు దారిలోనే ఆరి, చెక్క మీద గరుకుగా పొడిలా పడుతుంది. కోటు బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా ఉంటే రంగు చిక్కగా ఉందనో, గాలి చాలడం లేదనో అర్థం. చెయ్యి ఊయలలా ఊపకూడదు. మొదట్లోనూ చివర్లోనూ గన్ను దూరం జరిగి అక్కడ పలచగా పడుతుంది, నడుమ మందమవుతుంది.

ఇక నీళ్లు. కంప్రెసర్ ట్యాంకు అడుగున చిన్న కుళాయి ఉంటుంది, చాలామంది అది ఎందుకుందో కూడా పట్టించుకోరు. శ్రావణ భాద్రపదాల్లో ఒక్కరోజు పనికే నా ట్యాంకు నుంచి టీ గ్లాసుడు నీళ్లు దిగుతాయి, తుప్పు రంగులో. ఆ నీళ్లే గన్నులోకి వస్తే కోటు మీద చేప కళ్లలాంటి గుంటలు పడతాయి. నేను రోజూ సాయంత్రం వదిలేస్తాను. నీటిని పట్టే ఫిల్టర్ కంప్రెసర్ మూతి దగ్గర కాకుండా, గన్నుకి దగ్గర్లో పెట్టుకోండి. కంప్రెసర్ నుంచి వేడిగా వచ్చిన గాలి పైపులో చల్లబడ్డాకే చెమ్మ నీరవుతుంది.

రెండోది ఎయిర్‌లెస్. రావులపాలెంలో ఒక కొత్త ఫంక్షన్ హాలు పని ఒప్పుకున్నాక 38 వేలు పెట్టి కొన్నాను. ఇందులో గాలి ఉండదు, పంపు రంగునే నొక్కి సన్నటి రంధ్రంలోంచి తోసేస్తుంది. ఎమల్షన్‌ని దాదాపు డబ్బాలో ఉన్నట్టే కొట్టొచ్చు. రోలర్లతో నాలుగు రోజులు పట్టే గోడల ప్రైమర్ ఇద్దరం ఒక్కరోజులో ముగించాం. కానీ అంతకుముందు కిటికీలకూ స్విచ్‌లకూ గచ్చుకీ కాగితాలు అంటించడానికే ఒక పూట పోయింది. ఖాళీ ఇల్లయితేనే దీన్ని దింపుతాను. సామాన్లున్న ఇంట్లో రెండు గదులకైతే రోలరే నయం, ఈ మాట మిషన్ ఉన్నవాడిగానే చెబుతున్నాను. కొత్త గోడకి మొదటి కోటు కొట్టిన వెంటనే, తడి ఆరకముందే రోలర్ లాగించండి. లప్పం సందుల్లోకి ప్రైమర్ దిగుతుంది.

ఎయిర్‌లెస్ టిప్ మీద మూడంకెల నంబరు ఉంటుంది, అది చదవడం వస్తే సగం పని వచ్చినట్టే. 517 అని ఉంటే, మొదటి అంకెను రెట్టింపు చేయండి: అడుగు దూరం నుంచి కొడితే రంగు పట్టీ 10 అంగుళాల వెడల్పు వస్తుంది. చివరి రెండంకెలు రంధ్రం కొలత, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 17. గోడ ఎమల్షన్‌కి 517 నాకు నమ్మకమైన టిప్. ఫ్లష్ తలుపుల ఎనామిల్‌కి 310 లేదా 312. టిప్ అరిగితే రంధ్రం పెద్దదై పట్టీ చిన్నదవుతుంది, రంగు ఖర్చు పెరుగుతుంది. పాత సిమెంట్ బస్తా మీద ఒకసారి కొట్టి టేపుతో కొలుస్తాను. పదంగుళాల పట్టీ ఏడుకి దిగితే ఆ టిప్ పక్కన పెట్టేస్తాను.

నేను కొన్న ఆ మొదటి ఎయిర్‌లెస్‌కి ఎనిమిది నెలలకే పిస్టన్ ప్యాకింగ్ పోయింది. అమ్మినవాళ్ల దగ్గర విడిభాగం లేదు, తెప్పిస్తామంటూ రెండు నెలలు తిప్పారు. సంక్రాంతి సీజన్ మొత్తం మిషన్ మూలన పడింది. రెండోసారి కొనేటప్పుడు కొట్లోనే అడిగాను, ప్యాకింగ్ సెట్టు ఇప్పుడే చేతికివ్వగలరా అని. ఇచ్చినచోటే కొన్నాను.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. బండి టైర్లో గాలి ముప్పై పీఎస్‌ఐ ఉంటుంది. ఎయిర్‌లెస్‌లో రంగు మూడు వేల దాకా పోతుంది. టిప్ మూసుకుపోయిందని వేలు అడ్డం పెట్టి చూడొద్దు. రంగు చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాటే కనపడుతుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండకపోవచ్చు, లోపల మాత్రం వేలు కుళ్లిపోయే ప్రమాదం. అలా జరిగితే ఆ క్షణమే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి, ఏ రంగో డబ్బా కూడా చూపించాలి. టిప్‌ని వెనక్కి తిప్పి కొడితే అడ్డం చాలాసార్లు అదే పోతుంది. పోకపోతే మిషన్ ఆపి, ఒత్తిడి మొత్తం వదిలి, లాక్ వేశాకే చెయ్యి పెట్టండి.

సఖినేటిపల్లి, అంతర్వేది వైపు గేట్ల పనుల్లో ఎపాక్సీ తప్పదు. ఉప్పుగాలికి మామూలు రెడాక్సైడ్ ప్రైమర్ మీద ఎనామిల్ వేస్తే ఏడాది తిరిగేసరికి వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు తేలుతుంది. ఎపాక్సీ రెండు డబ్బాలు కలిపే రంగు. కలిపిన దగ్గర నుంచి గడియారం నడుస్తూనే ఉంటుంది, ఎండలో ఇంకా తొందరగా గట్టిపడుతుంది. దానికి ఎయిర్‌లెస్ తీయను. 50 అడుగుల సన్న పైపులోనే దాదాపు అర లీటరు రంగు నిలబడిపోతుంది, అది లోపలే గడ్డకడితే పైపు పారేయాల్సిందే. కప్పు గన్నుతో కలిపినంత కొట్టి, వెంటనే కడిగేస్తాను. తుప్పు గుంటలున్న చోట మొదటి కోటు బ్రష్‌తోనే రుద్దాలి, స్ప్రే ఆ గుంటల్లోకి దిగదు. కిటికీ గ్రిల్స్‌కి అసలు గన్ను ఎత్తను. ఊచ మీద పడేదానికన్నా సందుల్లోంచి అవతలికి పోయేదే ఎక్కువ.

చేతిలో పట్టుకుని ప్లగ్గు పెట్టుకునే చిన్న ఎలక్ట్రిక్ గన్ను కూడా రెండేళ్లు వాడాను. కుర్చీలు, పాత బీరువా, మొక్కల స్టాండ్లకు బాగానే ఉంది. గోడలకు కొనకండి. ఎమల్షన్‌ని అది మింగగలిగేంత పలచన చేస్తే రెండు కోట్లకు కప్పాల్సిన గోడ నాలుగు అడుగుతుంది.

నాలుగోది, పొలాల్లో భుజానికి తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్. ప్రహరీలకు సున్నం కొట్టడానికి దీనికి మించింది నాకు కనపడలేదు. అసలు రంగుని పంపుతో చిమ్మించాలన్న ఆలోచన పెరిగిందే సున్నంతో. 1887లో షికాగోలో జోసెఫ్ బింక్స్ అనే ఆయన ఒక పెద్ద కొట్టు నేలమాళిగ గోడలకు సున్నం కొట్టడానికే చేతిపంపు స్ప్రేయర్ తయారుచేశాడు. సున్నం రాత్రంతా నానబెట్టి, పాత నేత చీర గుడ్డలో రెండుసార్లు వడకట్టి, నీలిమందు కలిపి పోయాలి. లేకపోతే పది నిమిషాలకోసారి నాజిల్ విప్పుతూ కూర్చోవాలి. కలుపుమందు కొట్టిన ట్యాంకు మాత్రం వాడకండి, ప్రహరీ పక్కన మొక్కలు మాడిపోతాయి. ఎయిర్‌లెస్‌లో సున్నం ఎప్పటికీ పోయొద్దు, ఆ గరుకుకి పిస్టన్ అరిగిపోతుంది.

పీయూ కొట్టేటప్పుడు ముక్కుకి జేబురుమాలు కట్టుకోవడం మన దగ్గర మామూలైపోయింది. దాని గట్టిపరిచే డబ్బాలో ఐసోసయనేట్లు ఉంటాయి, ఒకసారి ఊపిరితిత్తులకు పడకపోతే తర్వాత కొద్ది వాసనకే ఉబ్బసం లేస్తుంది. రుమాలు వాటిని ఏమాత్రం ఆపదు. ఆవిరిని పీల్చుకునే క్యాట్రిడ్జ్‌ల మాస్కు పెట్టుకుని, తలుపులూ కిటికీలూ తీసి కొట్టండి. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకు మాస్కు లేకపోతే గన్ను ఇవ్వను.

పోయిన నెల రాజోలు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. “గురువుగారూ, చేతిలో నలభై వేలున్నాయండి, ఎయిర్‌లెస్ తీసేసుకోమంటారా?” అన్నాడు. ఏం పనులొస్తున్నాయని అడిగితే తలుపులు, టీవీ యూనిట్లు, అప్పుడప్పుడు గేట్లు అన్నాడు. రెండు హెచ్‌పీ కంప్రెసర్, ఒక మంచి గన్ను, మూడు నాజిళ్లు, నీటి ఫిల్టర్, రెండు మాస్కులు తీసుకోమన్నాను. మిగిలిన డబ్బుతో బీ4 కప్పు, ఐదు లీటర్ల రిటార్డర్ థిన్నర్ కూడా తెచ్చుకోమన్నాను, ముసురు రోజులు రాకముందే.