నెల్లూరులో ‘ఫారిన్ సీవీ’ రాసిస్తామంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి యూకే ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్న నర్సింగ్ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు తప్పకుండా చదవాలని రాస్తున్నాను. ఆఫీసు పేరు రాయడం లేదు. ఒక్క ఆఫీసు సంగతే కాదిది, ఇదే పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు.

మా చెల్లెలు బీఎస్సీ నర్సింగ్ చేసి ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేస్తోంది. సీవీ (చదువు, అనుభవం వివరాల పత్రం), దానితో పాటు పంపే కవరింగ్ లెటర్ కోసం నాన్న ఒక చోట 12,500 రూపాయలు కట్టారు. ‘మాది యూకే ఫార్మాట్ సార్, మా సీవీ పోయిందంటే ఇంటర్వ్యూ పిలుపు రావాల్సిందే’ అన్నారట. వారం తిప్పుకుని వాట్సాప్‌లో ఐదు పేజీల పీడీఎఫ్ పంపారు.

మొదటి పేజీలో పైన పెద్ద ఫొటో. మా చెల్లి ఎప్పుడూ వేసుకోని నల్లకోటు కంప్యూటర్‌లో తొడిగారు. దాని కింద తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, మతం, కులం, పాస్‌పోర్టు నంబరు. చివర్లో ‘పై వివరాలన్నీ నిజమని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను’ అని డిక్లరేషన్, సంతకం. యూకే సీవీలో వీటిలో ఒక్కటి కూడా ఉండదు. అక్కడ 2010 నాటి ఈక్వాలిటీ చట్టం ప్రకారం వయసు, మతం, పెళ్లి, జాతి లాంటివి చూసి ఉద్యోగంలో వివక్ష చూపకూడదు. అందుకే ఆ వివరాలు సీవీలో అడగరు, మనమూ రాయం. మామూలుగా రెండు పేజీలు చాలు. ఇక పాస్‌పోర్టు నంబరు అలా పది చోట్లకు పంపితే ఎవరి చేతికి పోతుందో చెప్పలేం.

అంతకంటే ఘోరం కవరింగ్ లెటర్. ‘విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్’ అంటూ మన దగ్గర సెలవు చీటీ రాసినట్టే మొదలైంది. రెండో పేరాలో ‘డయాలసిస్ యూనిట్‌లో పనిచేయాలన్నది నా చిరకాల కోరిక’ అని ఉంది. మా చెల్లి డయాలసిస్‌లో ఒక్క రోజు కూడా చేయలేదు. చివరి పేరాలో తను దరఖాస్తు పెట్టని ఆసుపత్రి పేరు అలాగే మిగిలిపోయింది. తనతో పనిచేసే ఇంకో అమ్మాయి కూడా అక్కడే రాయించుకుంది. రెండు లెటర్లు పక్కపక్కన పెట్టి చూశాం. పేరు తప్ప అక్షరం తేడా లేదు. ఒకే ఆసుపత్రికి ఇద్దరూ పంపి ఉంటే ఏమయ్యేది?

నాకు అసలు కోపం తెప్పించింది అనుభవం దగ్గర చేసిన పని. రెండేళ్లను నాలుగేళ్లు చేశారు, అడగకుండానే. ఫోన్ చేస్తే ‘అందరూ పెంచుకునేదే సార్, ఎవరూ చూడరు’ అన్నారు. చూస్తారు. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో, అంటే ఎన్‌హెచ్‌ఎస్‌లో, ఉద్యోగం ఇచ్చే ముందు కనీసం గత మూడేళ్ల పని గురించి రిఫరెన్సులు, అంటే మనం పనిచేసిన చోట్ల నుంచి రాతపూర్వక వివరాలు, తెప్పించుకుంటారు. వీసా దరఖాస్తులో మోసం చేశారని తేలితే పదేళ్ల దాకా యూకే వీసాకు దారి మూసుకుపోవచ్చు. డబ్బు పుచ్చుకున్నవాడికి ఏమీ కాదు, పిల్ల భవిష్యత్తు పోతుంది.

డబ్బు వెనక్కి అడిగితే రసీదు వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న ‘నో రిఫండ్’ చూపించారు. జీఎస్టీ బిల్లు అడిగితే తర్వాత ఇస్తామన్నారు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

ఇంకో మాట. ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగాలకు చాలావరకు సీవీ పంపే పనే ఉండదు. ఆన్‌లైన్ ఫారం నింపాలి, అందులో ‘సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్’ అనే భాగంలో మన గురించి రాయాలి. ప్రతి ప్రకటనతో పాటు ‘పర్సన్ స్పెసిఫికేషన్’ ఇస్తారు. తప్పనిసరిగా ఉండాల్సినవి ఏవి, ఉంటే మంచివి ఏవి అని అందులో విడివిడిగా ఉంటుంది. దాన్ని ముందర పెట్టుకుని ఒక్కోదానికి మన పనిలోంచి ఉదాహరణ రాయడమే అసలు పని. ‘ఐ యామ్ హార్డ్ వర్కింగ్’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంటును ఎలా చూసుకుంటుంది, షిఫ్టు మారేటప్పుడు ఏమేం అప్పజెబుతుంది, ఒక రాత్రి బీపీ పడిపోతే డాక్టరుకు ఎంత త్వరగా, ఏమని చెప్పింది, ఇవి రాయాలి. మా చెల్లి కూర్చుని తన మాటల్లో తనే రాసుకుంది. గ్రామర్ మాత్రం వాళ్ల కాలేజీ ఇంగ్లీషు మేడమ్ దిద్దారు, పైసా తీసుకోలేదు.

ప్రైవేటు కేర్ హోముల (వృద్ధులను ఉంచి చూసుకునే చోట్లు) వంటి చోట లెటర్ అడిగితే ఒక్క పేజీ చాలు. మేనేజరు పేరు ప్రకటనలో ఉంటే ఆ పేరుతోనే మొదలుపెట్టి చివర ‘యువర్స్ సిన్సియర్లీ’ అనాలి. పేరు తెలియక ‘డియర్ సర్ ఆర్ మేడమ్’ అంటేనే ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అన్ని చోట్లా అలాగే రాయండి. మన వాళ్లకు ఇనీషియల్ ఒకచోట, పూర్తి ఇంటిపేరు ఇంకోచోట ఉండి తర్వాత తంటాలు వస్తున్నాయి.

సీవీతో పాటు ‘ఉద్యోగం కూడా ఇప్పిస్తాం, ఇంకో రెండు లక్షలు కట్టండి’ అంటే అక్కడే ఆగండి. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. మన కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంటు పేరు కొట్టి చూసుకోవచ్చు. రిజిస్టర్ అయిన ఏజెంటు కూడా సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. వీసా స్పాన్సర్ చేసే లైసెన్సు ఉన్న సంస్థల జాబితా యూకే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంటుంది, డబ్బు కట్టకుండానే చూడొచ్చు.

ఇప్పటికే కట్టినవాళ్లు వాట్సాప్ చాట్, రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఏదీ తీసేయకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉంటే ముందు అవి తెచ్చుకోండి, డబ్బు మాట ఆ తర్వాత ఎత్తండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించొచ్చు. అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కట్టిన డబ్బు 5 లక్షల లోపయితే కేసు వేయడానికి ఫీజు ఉండదు. మేం 1915లో ఫిర్యాదు పెట్టాం. ఇదే తరహాలో డబ్బు పోగొట్టుకున్న నెల్లూరు వాళ్లు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి వెళ్దాం.