బ్రాడీపేట దండెం: పద్నాలుగు ఎండాకాలాల వాడకం

మా గుంటూరు బ్రాడీపేటలో వీధిని వీధి అనరు, లైను అంటారు. ఎన్నో లైను, ఎన్నో అడ్డరోడ్డు అని రెండు అంకెలు చెబితే చాలు, ఆటో అతను ఇంటి ముందు దించేస్తాడు. నేను రాస్తున్నది మాత్రం డాబా మీది లైను గురించి, బట్టలారేసే దండెం గురించి. 2011లో ఈ ఇంట్లోకి వచ్చాం. అప్పటినుంచి ఆరేసే పని నాదే. మా ఆవిడ మెషిన్ వేస్తుంది, నేను బకెట్టు పైకి మోస్తాను. ఈ ఏర్పాటు మా అమ్మకి మొదట్లో అస్సలు నచ్చలేదు. "మగపిల్లాడు డాబా మీద లంగాలు ఆరేయడమేందిరా, నలుగురూ చూస్తే" అని తనే సిగ్గుపడి పిట్టగోడ చాటుకి వెళ్ళేది. ఇప్పుడు ఆ సిగ్గు పోయింది, నేను ఆరేసే పద్ధతి మీద విమర్శ మాత్రం మిగిలింది.

ఈ పద్నాలుగేళ్లలో నాలుగు రకాల దండేలు కట్టాను. మొదటిది పట్నం బజారులో కొన్న రంగుల తాడు. కొట్లో నైలాన్ అనే ఇస్తారు గానీ ఇలాంటివి చాలావరకు పాలీప్రొపిలీన్ తాళ్ళు. కట్టిన కొత్తలో బ్రహ్మాండంగా ఉంది. మే నెల ఎండ తగిలాక పోగులు లేచి, చేత్తో దువ్వితే రంగు పొడి రాలేది. ఆ పొడి తెల్లచొక్కాల మీద దురదగుంటాకులా కరిచేది. రెండో ఎండాకాలం దాటకుండానే తెగింది. అద్దె ఇంట్లో ఏడాది ఉండేవాళ్ళకి తప్ప ఇది వద్దు.

తర్వాత జీఐ తీగ. గట్టిదే. కానీ పైన ఉన్న జింకు పూత కొక్కేనికి మెలితిప్పిన చోటా, క్లిప్పులు రాసుకునే చోటా ముందు పోతుంది. తుప్పు అక్కడే మొదలవుతుంది. నా బనీన్లన్నిటికీ గుండెల మీద అడ్డంగా ఒక గోధుమరంగు గీత ఉండేది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే తుప్పు మరక చాలావరకు పోతుంది, అది నిజమే. కానీ వారానికో డజను నిమ్మకాయలు బనీన్లకి పిండటం ఏ లెక్కన గిట్టుబాటు? మూడోది ప్లాస్టిక్ తొడుగున్న తీగ. ఇది పైకి పెద్దమనిషిలా కనిపిస్తుంది. కోసిన చివర్లలోంచి నీళ్ళు లోపలికి దిగి, తొడుగు చాటున తీగ కుళ్ళిపోతుంది. మనకి తెలిసేది తెగిన రోజే.

నాలుగోది 2019లో వేసిన స్టెయిన్‌లెస్ స్టీలు తీగ, 304 రకం, మూడు మిల్లీమీటర్ల మందం. ఒక చివర తిప్పి బిగించుకునే మర ఉంటుంది, టర్న్‌బకిల్ అంటారు. ఇప్పటికీ అదే నడుస్తోంది, తుప్పు మచ్చ లేదు. ఈ సమీక్ష అసలు దీని గురించే. అయితే దీని మొదటి రోజు గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది.

ఆ రోజు దాన్ని వీణ తీగలా మోగేదాకా బిగించాను. ఇరవై అడుగుల పొడవు, ఎక్కడా వంపు లేదు. అమ్మ కూడా చూసి "ఇన్నాళ్లకి దండెంలా ఉంది" అంది. సరిగ్గా దాని కిందే పాత చీర పరిచి మాగాయ ముక్కలు ఎండబెట్టింది. మూడు రోజులు ఉప్పులో, పసుపులో ఊరి, ఊట పిండేసి పరిచిన ముక్కలు. నేను రెండు తడి దుప్పట్లు తెచ్చి మధ్యలో వేశాను. వేసి వెనక్కి తిరిగానో లేదో ధబ్బున చప్పుడు. పిట్టగోడలోంచి కొక్కెం, దానితోపాటు అరచేతి మందాన సిమెంటు పెచ్చు ఊడొచ్చాయి. దుప్పట్లు వెళ్ళి మాగాయని కావలించుకున్నాయి. అమ్మ ఏమీ అనలేదు. ముక్కల్లోంచి సిమెంటు రేణువులు ఏరుతూ కూచుంది. తిట్టుంటే బాగుండేది.

అప్పట్లో మా కింద వాటాలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పే మాస్టారు అద్దెకుండేవారు. చప్పుడుకి పైకొచ్చారు. "ఎంత వంపు వదిలారండీ?" అని అడిగారు. రెండంగుళాలు కూడా లేదని గొప్పగా చెప్పాను. ఆయన ఇటుక ముక్క తీసుకుని నీళ్ళ ట్యాంకు దిమ్మ మీద బొమ్మ గీశారు. ఇరవై అడుగుల తీగ మధ్యలో 12 కిలోల తడి బట్టలు వేలాడి, తీగ రెండంగుళాలే వంగితే, ఒక్కో కొక్కేన్ని లాగే బలం 360 కిలోల బరువుతో సమానం. అదే తీగని ఒక అడుగు వంగనిస్తే 60 కిలోలు. బట్టలు మధ్యలో కుప్పగా వేయకుండా పొడవునా సర్దితే ఈ లెక్కలు దాదాపు సగానికి వస్తాయి. "బట్టల బరువు మారలేదు, మీ పట్టుదల బరువు పెరిగింది" అన్నారాయన. క్లాసులో ఎన్నిసార్లు వాడిన మాటో గానీ, నాకు మాత్రం అప్పుడే తగిలింది.

అంచేత కొక్కేలు మళ్ళీ పాతించి, తీగని అడుగు కిందకి వదిలాను. ఇప్పటిదాకా కొక్కెం కదల్లేదు. దీంట్లో ఒక ఇబ్బంది ఉంది, దాచను. వంపున్న నున్నటి స్టీలు తీగ మీద బట్టలు నిలవవు. గాలి వీచగానే అటు చివర లుంగీ, ఇటు చివర తువ్వాలు మెల్లగా జారుకుంటూ మధ్యలో కలుసుకుంటాయి. గంట తర్వాత వెళ్తే బట్టలన్నీ పెళ్ళివారిలా ఒకచోట గుమిగూడి ఉంటాయి, లోపలివి తడిగానే. ప్రతి బట్టకీ రెండు క్లిప్పులు తప్పనిసరి.

క్లిప్పుల సంగతి రెండు ముక్కల్లో. ప్లాస్టిక్‌వి మా ఊరి ఎండకి ఒక్క వేసవిలో బిస్కెట్లలా విరుగుతాయి. చెక్కవి వానాకాలంలో నల్లబూజు పట్టి బట్టకి అంటిస్తాయి. ఒకే స్టీలు కడ్డీని వంచి చేసినవి ఖరీదెక్కువ, ఆరేళ్లుగా అవే వాడుతున్నాను. మధ్యాహ్నం రెండింటికి మాత్రం వాటిని వట్టి చేత్తో పట్టుకోకండి, చుర్రుమంటుంది.

దుప్పట్ల కథ ఇంకా ఉంది. మాగాయ పసుపు అంటిన చోట మా ఆవిడ సబ్బు రుద్దింది. పసుపు మరక కాస్తా కుంకుమ ఎరుపు తిరిగింది. సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, కంగారు పడక్కర్లేదు. బాగా జాడించి అదే దండెం మీద, మరక ఉన్న వైపు ఎండకి పెట్టి ఆరేశాం. పసుపులోని రంగు ఎండకి నిలవదు. మూడో రోజుకి మరక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. కుర్రాళ్ల చొక్కాల మీద పప్పు, పులిహోర మరకలకి అప్పటినుంచీ మా ఇంట్లో ఇదే వైద్యం.

అదే ఎండ మంగళగిరి చీరలకి శత్రువు. ముదురురంగు నూలు చీరని మిట్టమధ్యాహ్నం వదిలేస్తే, మడత పైభాగం వెలిసి ఒకే చీరలో రెండు రంగులు తేలతాయి. మా ఆవిడ వంగపండు రంగు చీరని నేను అలాగే ఒకసారి నాశనం చేశాను, అది ఇప్పుడు దిండు గలీబులైంది. గంజి పెట్టిన చీరని లోపలి వైపు పైకి తిప్పి, ట్యాంకు నీడలో, పొద్దున ఎనిమిదింటికల్లా ఆరేయాలి. పూర్తిగా ఎండకముందే తీయాలి. ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగి మడత పెడితే ఇస్త్రీ సగం అయినట్టే. ఆ లాగడంలో మా ఆవిడ ఒక్కోసారి కావాలనే చటుక్కున వదిలేస్తుంది, అది వేరే విషయం.

దండెం ఏ దిక్కున కట్టాలో ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. మాది తూర్పు పడమరలుగా ఉంటుంది. వేసవి సాయంత్రాలు దక్షిణం నుంచి వచ్చే పైరగాలి బట్టలకి ఎదురుగా కొడుతుంది. దక్షిణం ఉత్తరంగా కడితే మొదటి దుప్పటి గాలినంతా మింగి వెనకవాటికి ఏమీ మిగల్చదు. మే నెలలో మాత్రం ఈ లెక్కలేవీ అక్కర్లేదు. రోహిణి కార్తెలో చివరి బట్ట ఆరేసేసరికి మొదటిది ఆరిపోయి ఉంటుంది. తువ్వాళ్ళయితే అప్పడాలే, మడిస్తే చప్పుడవుతాయి. సగం తప్పు బోరునీళ్ళ ఉప్పుదనుకోండి. మిగతా సగానికి జపాన్‌లో హొక్కైడో విశ్వవిద్యాలయం, కావో కంపెనీ పరిశోధకులు 2020లో కారణం చెప్పారు. ఆరిందనుకున్న నూలు పోగుల మీద కొద్దిపాటి నీరు పట్టుకుని ఉండి, అదే జిగురులా పోగుని పోగుకి అంటిస్తుందట. అందుకే గాలికి రెపరెపలాడుతూ ఆరినది మెత్తగా ఉంటుంది, గాలాడని ఎండలో కదలకుండా ఆరినది గీరుకుంటుంది. ఆరేసేముందు గట్టిగా నాలుగుసార్లు విదిలించండి, తీశాక రెండుసార్లు దులపండి. తేడా మీకే తెలుస్తుంది.

గుంటూరు కాబట్టి మిరపకాయల ఊసు లేకుండా కుదరదు. ఆవకాయల ముందు ఇంటింటా డాబాల మీద కారానికి మిరపకాయలు ఎండబెడతారు. ఒక ఏప్రిల్లో పక్కింటి పిన్నిగారు పరిచారు. సాయంత్రం గాలి లేచింది. నేను స్నానం చేసి, దండెం మీంచి తెచ్చిన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాను. ఆ తర్వాత పావుగంట నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు, మా పిల్లలకి గుర్తుంది. "అయ్యో, కాయలు కలబెట్టేముందు ఒక కేక వేయాల్సింది బాబూ" అని పిన్నిగారు మజ్జిగ పంపారు. అప్పటినుంచి ఆవిడ కలబెట్టబోయేముందు "బట్టలున్నాయా?" అని గోడ మీంచి అరుస్తారు. నేను నా తువ్వాళ్ళని అవతలి కొసకి మారుస్తాను.

వానాకాలంలో ఈ దండేనికి మార్కులు తక్కువే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు అది ఎంతో దూరం కాదు. ఆ ముసురులో డాబా తలుపు తీయనే లేదు. హాల్లో ఫ్యాను కింద కుర్చీల మీద ఆరేసిన జీన్సు మూడో రోజుకి ముక్కిపోయిన వాసన కొట్టింది. అప్పుడే బాల్కనీ కప్పుకి తాడు లాగితే కిందకి దిగే హ్యాంగరు ఒకటి బిగించాం. అత్యవసరానికి పర్వాలేదు. కానీ దాని మీద ఆరిన దుప్పటికి ఎండ వాసన రాదు. ఆ వాసన మన భ్రమ కాదు. కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు తడి తువ్వాళ్ళని ఎండలో, నీడలో, గదిలో ఆరబెట్టి చూస్తే, ఎండలో ఆరినవాటి మీద మాత్రమే ఆల్డిహైడ్లు, కీటోన్లు అనే వాసననిచ్చే రసాయనాలు కొన్ని ఎక్కువగా దొరికాయి. మా అమ్మకి ఇది చదివి వినిపించాను. "తువ్వాలు వాసన చూట్టానికి అంత చదువు కావాలా" అంది.

చిన్న చిన్నవి ఇంకా ఉన్నాయి. ఎప్పుడైనా మడతల్లో కందిరీగ మట్టి గూడు కట్టి ఉంటుంది, ప్యాంటు తొడుక్కునేముందు దులుపుకోవాలి. చంటిపిల్లల బట్టలు దీపాలు పెట్టేవేళకి లోపలికి రావాలన్నది అమ్మ చట్టం. ఆవిడ చెప్పే కారణం వేరు, నేను పాటించేది రాత్రి పురుగులు, చీమలు పడతాయని.

మొత్తానికి స్టీలు తీగకి అయిదుకి నాలుగున్నర. ఆ అర తగ్గింది బట్టలు జారి మధ్యకి చేరుతున్నందుకు. కొనేవాళ్ళు తీగ కన్నా కొక్కేల మీద ఎక్కువ ఖర్చు పెట్టండి, పూత సిమెంటులో కాకుండా ఇటుకలోకి దిగేలా వేయించుకోండి.

మాస్టారు ఇల్లు మారి నాలుగేళ్లయింది. ట్యాంకు దిమ్మ మీద ఆయన ఇటుకతో గీసిన త్రికోణం వానలకి చాలావరకు చెరిగిపోయింది. నేను ఊళ్ళో లేని రోజుల్లో అమ్మ పైకెక్కి, "ఊయలలాగా ఏందిది" అనుకుంటూ మరని రెండు చుట్లు బిగిస్తుంది. వచ్చాక నేను రెండు చుట్లు వదులు చేస్తాను. ఆ ప్రస్తావన మాత్రం ఇద్దరం తీసుకురాం.