"సమయం ఉంటే" చూపిస్తామన్న ముఖలింగం: వైజాగ్ నుంచి పూరీకి మా బస్సు యాత్ర

మా అత్తయ్యకి 78 ఏళ్లు. పూరీ జగన్నాథుణ్ణి ఒక్కసారి చూసొస్తే చాలని రెండేళ్లుగా అంటోంది. రైల్లో తీసుకెళ్దామంటే ప్లాట్‌ఫారం మెట్లు ఎక్కలేదు. ఎంవీపీ కాలనీలో పొద్దున్నే నాతో నడిచే వాళ్ల దగ్గర ఈ మాట అంటే, "మేమూ వస్తాం" అని ఒకరి తర్వాత ఒకరు తయారయ్యారు. చూస్తుండగానే 34 మందిమి అయ్యాం. సంక్రాంతి సందడి తగ్గాక, అరసవిల్లిలో రథసప్తమి రద్దీ మొదలవకముందే, జనవరి నెలాఖరులో వెళ్లాలనుకున్నాం. శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరి సోమవారం రాత్రికి ఇంటికి.

ఉద్యోగమంతా బ్యాంకులోనే చేశాను కాబట్టి చిన్న అక్షరాలు చదవడం నాకొక రోగం. అందుకని ఆపరేటర్లు ఇచ్చిన కాగితాలన్నీ నా చేతిలో పెట్టారు.

ముగ్గురి దగ్గర రేట్లు అడిగాం. ఒకాయన తలకి 7,900 అన్నాడు. అందరి కళ్లూ అటే పోయాయి. కింద చూస్తే టోల్, పార్కింగ్, ఒడిశా ట్యాక్సు, డ్రైవర్ బత్తా అన్నీ "యాక్చువల్స్" అని ఉంది. అంటే ఆఖరి రోజు బస్సులో వాళ్లు ఎంత లెక్క చెబితే అంత మనం జేబులోంచి తియ్యాలి. పైగా ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉన్న బస్సుకి ఇచ్ఛాపురం దాటగానే మళ్లీ ట్యాక్సు ఏమిటి? రాష్ట్రం రాష్ట్రానికీ ఆగి కట్టే పని లేకుండా చెయ్యడానికే కదా ఆ పర్మిట్ పెట్టింది! అదే మాట ఫోన్లో అడిగితే "అది మీకెందుకు మేడమ్, మేం చూసుకుంటాం" అన్నాడు. ఆయన్ని అక్కడితో వదిలేశాం. మూడో ఆయన 12,500 చెప్పాడు. వంటవాణ్ణి, గ్యాస్ పొయ్యిని వెంట తెస్తాడట, మూడు పూటలా మన తిండే. మా వాళ్లలో సగం మందికి ఆశ పుట్టింది కానీ, మిగతా సగానికి ధర గొంతు దిగలేదు.

చివరికి 9,800 దగ్గర కుదిరింది. ఏసీ బస్సు, ఇద్దరికో గది, పొద్దున టిఫిను, రాత్రి భోజనం, టోల్, పార్కింగ్, బత్తా, 5 శాతం జీఎస్టీ అన్నీ కలిపి. మధ్యాహ్నం భోజనం, గుళ్లలో టికెట్లు, బోటు, ఆటోలు మావి. తలకి 2,000 అడ్వాన్సు, మిగతాది 15 రోజుల ముందు. మనుషులు 30కి తగ్గితే తలసరి ధర పెరుగుతుందని కూడా రాశారు. ఇది చూసి చాలామంది మొహాలు మాడ్చుకున్నారు కానీ నాకు న్యాయంగానే అనిపించింది. బస్సు అద్దె 20 మందికైనా 34 మందికైనా ఒకటే కదా.

క్యాన్సిలేషన్ గురించి ఒక సంగతి చెప్పాలి. నెల ముందు మానుకుంటే 500 కోత, 15 రోజుల ముందైతే పావు వంతు, వారం ముందైతే సగం, ఆ లోపల అయితే పైసా రాదు. సరిగ్గా తొమ్మిది రోజులు ఉందనగా మా బ్యాచ్‌లో ఒక జంట కూతురికి నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. వాళ్లు హైదరాబాద్ పరుగెత్తారు. ఇద్దరి డబ్బులో సగమంటే 9,800 గోవిందా అనుకున్నాం. అప్పుడు రెండో పేజీ అడుగున ఇంకో వాక్యం కనబడింది. ప్రయాణానికి మూడు రోజుల ముందు వరకు పేరు మార్చుకోవచ్చు, మనిషికి 200. ఆ సాయంత్రమే వాళ్ల పక్క ఫ్లాట్ దంపతుల్ని ఒప్పించాం. 400తో పోయింది. మనవరాలు కూడా క్షేమం. పేరు మార్పు గురించి ఒక్క మాట కూడా లేని కాగితం మీద సంతకం పెట్టకండి.

ఇంకోటి కూడా ముందే పట్టుకున్నాను, ఇప్పటికీ దాన్ని చెప్పుకుని మురిసిపోతుంటాను. నాలుగో రోజు ప్రోగ్రాంలో భువనేశ్వర్ నందన్‌కానన్ జూ అని వేశారు. నాలుగో రోజు సోమవారం. నందన్‌కానన్‌కి సోమవారం సెలవు! ఆపరేటర్ కుర్రాడికి ఫోన్ చేస్తే నాలుక కరుచుకుని, దాని బదులు ఉదయగిరి, ఖండగిరి గుహలు పెడతానన్నాడు. పాత టూర్ కాగితం మీద తేదీలు మాత్రం మార్చి మాకు ఇచ్చాడన్నమాట.

నేను గొడవ పడింది సీట్ల దగ్గర. రోజూ అందరూ రెండు వరసలు వెనక్కి జరగాలి, వెనక వాళ్లు ముందుకి రావాలి, ఎవరికీ మినహాయింపు లేదు అన్నారు. అత్తయ్యకి ముందు సీటు ఇమ్మని, వయసు చూడమని బతిమాలాను. "అమ్మా, మీ 34 మందిలో 20 మందికి మోకాళ్ల నొప్పులు ఉంటాయి, నేనెవరికి ఇవ్వను చెప్పండి" అన్నాడు కుర్రాడు. అత్తయ్యకి బస్సులో వాంతులు కాకుండా అవోమిన్ బిళ్లలు కొనుక్కుని ఊరుకున్నాను.

శుక్రవారం నాలుగున్నరకి ఎంవీపీ కాలనీలో బస్సు కదిలింది. హనుమంతవాకలో ఎక్కాల్సినవాళ్లు టైముకే ఉన్నారు. మధురవాడలో ఒక కుటుంబం కోసం 35 నిమిషాలు ఆగాం. ఒక్కో స్టాపులో 10 నిమిషాలే ఆగుతామని కాగితంలో ఉంది. మా వెంట వచ్చిన టూర్ మేనేజరు పాపం కొత్త, ఫోన్లు చేస్తూ నిలబడ్డాడు. శ్రీకాకుళం దాదాపు 110 కిలోమీటర్లు, టిఫిన్లు చేసి అరసవిల్లి చేరేసరికి తొమ్మిది కావస్తోంది. మార్చిలోనూ అక్టోబరులోనూ సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడే గుడి ఇది. జనవరి శుక్రవారం గనక దర్శనం హాయిగా అయింది. శ్రీకూర్మంలో స్వామి కూర్మరూపంలో పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లు ఆకులు నములుతుంటే అత్తయ్య వాటి దగ్గరే కూలబడి "ఏటే, ఇవి ఎంత తీరిగ్గా ఉన్నాయో" అంది.

భోజనాలయ్యాక మేనేజరు మైకు పట్టుకుని, ముఖలింగం ఇవాళ కుదరదన్నాడు. లేటయింది, రోడ్డు సన్నం, వెళ్తే గోపాల్‌పూర్ చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది అని. వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం మా అత్తయ్య పుట్టింటివాళ్లు మొక్కుకునే దేవుడు. పూరీ తర్వాత ఆవిడ ఎదురుచూసింది దానికోసమే. నేను కాగితం తీశాను. మొదటి రోజు వరసలో ఆఖరున "శ్రీముఖలింగం (సమయం ఉంటే)" అని ఉంది. ఇన్ని చదివి ఆ రెండు మాటలూ నేను దాటేశాను. ఏం మాట్లాడను?

సరే అని ఊరుకున్నామా, పలాస వచ్చేసరికి బస్సు హైవే దిగి ఒక జీడిపప్పు దుకాణం ముందు ఆగింది. 40 నిమిషాలు. డ్రైవర్‌కి టీ, మేనేజర్‌కి కుర్చీ. ముఖలింగానికి లేని సమయం జీడిపప్పుకి ఎక్కణ్ణుంచి వచ్చిందని నేను కాదు, ఎప్పుడూ నోరెత్తని మా వెనక సీటు బావగారు అడిగారు. షాపింగ్ కోసం ఎక్కడా ఆపకూడదని కాగితంలో మేం రాయించుకోలేదు, రాయించుకోవాలని తట్టలేదు కూడా. గోపాల్‌పూర్ ఏడున్నరకే చేరాం. అర్ధరాత్రి అన్నవాడి మొహం అప్పుడు చూడాల్సింది.

గోపాల్‌పూర్ బస బాగుంది. చిన్న లాడ్జి, ఉతికిన దుప్పట్లు, బకెట్టుతో వేడినీళ్లు తెచ్చిచ్చే కుర్రాడు, కిటికీ తీస్తే సముద్రపు హోరు. ఆర్కే బీచ్ జనాన్ని చూసిన కళ్లకి అంత ఖాళీ ఇసుక చూస్తే ఏదో అప్పనంగా దొరికినట్టనిపించింది. ఆ రాత్రి అందరం కూర్చుని మేనేజరుతో మాట్లాడాం. ఇకమీదట 10 నిమిషాలంటే 10 నిమిషాలే, మాలో ఎవరికోసమైనా సరే.

ఆ మాట మర్నాడే మా మెడకి చుట్టుకుంది. బర్కుల్ దగ్గర చిలికా సరస్సులో బోటెక్కి కాళీజాయి అమ్మవారి గుడి దాకా వెళ్లొచ్చాం. ఆసియాలోకెల్లా పెద్ద ఉప్పుటేరు సరస్సు అది. శీతాకాలపు పక్షులు ఇంకా ఉన్నాయి. దిగాక మా బ్యాచ్‌లోని మాస్టారూ ఇంకొకాయనా ఎండురొయ్యలు బేరమాడుతూ ఉండిపోయారు. పదకొండో నిమిషంలో బస్సు నిజంగానే కదిలింది. సంచి గాల్లో ఊపుకుంటూ మాస్టారి పరుగు! 50 గజాలు పోయాక ఆపారులెండి. తీర్థయాత్ర బస్సులో ఎండురొయ్యలేమిటని ఆడవాళ్లంతా లేచారు. వాసనొచ్చే సామాను డిక్కీలోకే అన్న షరతు ఒకటి ఉందని అప్పుడే తెలిసింది. మాస్టారు ఒక పూట అలిగారు. మిగతా రెండు రోజులూ మాత్రం అందరికంటే ముందు బస్సులో ఉన్నది ఆయనే.

పూరీలో బస నాకు నచ్చలేదు. ఇద్దరికో గది అన్నది నిజమే, కానీ ఒంటరిగా వచ్చిన ముగ్గురు పిన్నిగార్లని ఒకే గదిలో వేసి మూడో ఆవిడకి నేల మీద పరుపు పరిచారు. విడిగా గది కావాలంటే 3,200 ఎక్కువని ముందే చెప్పారు, ముగ్గురూ వద్దన్నారు, మరి బేసి సంఖ్య వస్తే ఏం చేస్తారో ఎవరూ అడగలేదు. మర్నాడు పొద్దున "రాత్రంతా లారీ పక్కన పడుకున్నట్టుంది" అని ఒక పిన్ని, "గురక నాది కాదు, ఆవిడది" అని ఇంకో పిన్ని. అన్నట్టు ఆ హోటల్లో చెక్‌అవుట్ పొద్దున ఎనిమిదికి. మన ఊళ్లోలాగా మధ్యాహ్నం 12 అనుకుని తీరిగ్గా లేస్తే ఇంకో రోజు అద్దె అడుగుతారు.

గుడి దగ్గరికి పెద్ద బస్సుల్ని రానివ్వరు. బస్సు ఊరి బయట ఆగిపోతే అక్కణ్ణుంచి ఆటోలు, ఆ ఖర్చు మాదే. 34 మందికి రానూపోనూ లెక్కేసుకుంటే చిన్నదేం కాదు, బేరాల్లో పోయిన సమయం ఇంకోటి. ఈ ఆటోల్ని కూడా ప్యాకేజీలో కలిపి మాట్లాడుకోవాల్సింది. ఫోన్లు, తోలు బెల్టులు, పర్సులు లోపలికి తీసుకెళ్లనివ్వరని రాత్రే చెప్పారు కాబట్టి అన్నీ బస్సులో వదిలేశాం. 2024 జనవరి నుంచి బట్టల నిబంధన కూడా పెట్టారు. నిక్కరుతో వచ్చిన మా బ్యాచ్ మనవడొకడు వాళ్ల తాత పంచె చుట్టుకుని లోపలికి నడిచాడు. గుడిలో ప్రసాదం అమ్మే ఆనంద బజార్‌లో మట్టికుండల్లోంచి వేడివేడి అన్నం, పప్పు ఆకులో వడ్డించారు. అత్తయ్య ఆ ఆకుని రెండు చేతులా పట్టుకుని కాసేపు తినలేదు. నేనూ తొందరపెట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం కోణార్క్ వెళ్లాం. టికెట్ 40 రూపాయలు. 13వ శతాబ్దంలో గాంగరాజు మొదటి నరసింహదేవుడు కట్టించిన రథం, 24 చక్రాలు. అర్చన జరిగే సూర్యుడి గుడి శుక్రవారం, అర్చన లేని సూర్యుడి గుడి ఆదివారం చూశాం. ఈ రెంటినీ ఒకే ప్రయాణంలో కలిపిన ఆపరేటర్‌కి ఆ ఒక్క విషయంలో నా దండం.

సోమవారం ఉదయగిరిలో కళింగరాజు ఖారవేలుడి హాథీగుంఫా శాసనం కింద నుంచే చూసి తిరుగుముఖం పట్టాం. భువనేశ్వర్ నుంచి మన ఊరికి రోజంతా ప్రయాణమే. ఇక్కడ మాత్రం ఆపరేటర్‌ని మెచ్చుకోవాలి, ఇద్దరు డ్రైవర్లని పెట్టాడు. డ్రైవర్‌కి రోజుకి 8 గంటల పని, 5 గంటలకో అరగంట విశ్రాంతి అని 1961లోనే చట్టం చేశారు. ఆ 7,900 ఆయన కాగితంలో డ్రైవర్ ఒక్కడే.

ఆరోజు మా వంతు సీట్లు ముందు వరసలో పడ్డాయి. అత్తయ్యకి బిళ్ల వెయ్యకుండానే గడిచిపోయింది. మొదటి రోజే ఆ సీటు ఇచ్చి ఉంటే నాలుగు రోజులూ బస్సులో నా మీద ఎన్ని కళ్లు ఉండేవో తలుచుకుని, కుర్రాడు కాదన్నదే మంచిదయిందనుకున్నాను. రాత్రి పది నలభైకి ఎంవీపీ కాలనీలో దిగాం.

వారం తర్వాత బ్యాలెన్సు రసీదు కోసం ఆఫీసుకి వెళ్తే, కుర్రాడు ముఖలింగం విషయం తనే ఎత్తి, తలకి 300 వెనక్కి ఇస్తానన్నాడు. తీసుకున్నాం. ఈసారి భద్రాచలం టూర్ కాగితం చూపించాడు. అందులో పర్ణశాల పక్కన మళ్లీ "సమయం ఉంటే". పెన్ను తీసి కొట్టేసి, పక్కన సంతకం పెట్టమన్నాను. నవ్వుతూ పెట్టాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం కారు మాట్లాడుకుని అత్తయ్యని ముఖలింగం తీసుకెళ్లాం. పొద్దున్నే కారెక్కి ముందు సీట్లో కూర్చుని, నా వైపు తిరిగి, "రేపు దీన్లోనూ వెనక్కి జరగాలేటే?" అంది.