కొలాజెన్ పౌడర్: ఎముకల కోసం కొనేవాళ్ళు ఇది చదివి కొనండి

ముందే చెప్పేస్తాను. ముట్లు ఆగిపోయాక ఎముకలు గట్టిగా ఉండాలని ఈ పౌడర్ కొనేవాళ్ళయితే నేనిచ్చేది ఐదుకి రెండు. చర్మం, జుట్టు సంగతి వేరు, వాటి జోలికి నేను వెళ్ళట్లేదు. కంపెనీ పేరు కూడా రాయట్లేదు, ఎందుకంటే కొంచెం అటూ ఇటూగా ఇదే సరుకు, ఇవే మాటలు చాలా బ్రాండ్ల డబ్బాల మీద కనిపిస్తున్నాయి.

నేను వాడింది చేప కొలాజెన్, అంటే చేపల నుంచి తీసే ఒక రకం ప్రొటీన్ పొడి, 250 గ్రాముల డబ్బా, ధర పదమూడు వందల చిల్లర. రోజుకి పది గ్రాములు వేసుకోమన్నారు కాబట్టి నెల కూడా రాదు. చల్లటి మజ్జిగలో నేరుగా వేస్తే పైన తెట్టులా తేలి, స్పూన్‌తో ఎంత తిప్పినా గ్లాసు అంచుకి జిగురుగా అంటుకుంటుంది. రెండు స్పూన్ల గోరువెచ్చటి నీళ్ళలో ముందు కరిగించి, ఆ తర్వాత మజ్జిగ పోస్తే శుభ్రంగా కలుస్తుంది. వేడి పాలల్లో మాత్రం వద్దు, ఆరెంజ్ ఫ్లేవర్ ఎంత దట్టించినా ఆవిరితో పాటు నీచు వాసన వస్తుంది, పైగా ఆ పులుపుకి నాకు పాలు విరిగాయి కూడా. అరుగుదల విషయంలో ఇబ్బందేమీ రాలేదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి.

అసలు నా గొడవ లేబుల్‌తో. ముందువైపు పెద్ద అక్షరాలతో ఎముకలకి, కీళ్ళకి బలం అని ఉంది. వెనక్కి తిప్పితే కొలాజెన్ పెప్టైడ్లు (కొలాజెన్‌ని చిన్న ముక్కలు చేసినవి), విటమిన్ సి, హైలురానిక్ యాసిడ్, బయోటిన్ (ఒక బి విటమిన్), ఫ్లేవర్, తీపి కోసం ఇంకేదో. కాల్షియం లేదు, విటమిన్ డి లేదు. మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళకి రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల్లోనే ఉంది, అందులో ఒక్క మిల్లీగ్రాము కూడా లెక్కలోకి రాని డబ్బా మీద ఎముకల బలం అని రాసుకోవడం నాకు అస్సలు నచ్చలేదు.

అలాగని కొలాజెన్‌కీ ఎముకకీ సంబంధం లేదని కాదు. ఎముకలో ఖనిజం కాకుండా మిగిలే సేంద్రియ పదార్థంలో దాదాపు 90 శాతం కొలాజెనే, శ్లాబులో ఇనుప చువ్వల్లా అది లోపల అల్లుకుని ఉంటే దాని మీద కాల్షియం, ఫాస్ఫరస్ పేరుకుంటాయి. ముట్లు ఆగే వయసులో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ పడిపోయాక ఎముకని తినేసే కణాల జోరు పెరిగి, కట్టే కణాలు వెనకబడతాయి. అందుకే ముట్లు ఆగిన మొదటి ఐదారేళ్ళలోనే ఎముక వేగంగా గుల్లబారుతుంది. కానీ మనం తాగిన కొలాజెన్ తిన్నగా వెళ్ళి తుంటిలో అతుక్కోదు. పేగుల్లో చిన్న చిన్న ముక్కలుగా, అమైనో ఆమ్లాలుగా విడిపోయి రక్తంలోకి వెళుతుంది, ఆ ముక్కల్లో కొన్ని ఎముక కట్టే కణాలని కదిలిస్తాయేమో అన్నదే ఈ వ్యాపారమంతటికీ పునాది.

దీని మీద తరచూ చూపించే పరిశోధన 2018లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ నుంచి వచ్చింది. ఎముక సాంద్రత (గట్టిదనం కొలత) తగ్గిన, మెనోపాజ్ దాటిన 131 మంది ఆడవాళ్ళని తీసుకుని, కొందరికి రోజుకి 5 గ్రాముల కొలాజెన్ పెప్టైడ్లు, మిగతావాళ్ళకి ఉత్తుత్తి పొడి ఏడాది పాటు ఇచ్చారు. చివరిదాకా నిలిచింది 102 మంది. పెప్టైడ్లు తాగినవాళ్ళకి వెన్నెముక దగ్గర సాంద్రత సుమారు 3 శాతం పెరిగింది, రెండో గుంపులో ఒక శాతం పైగా తగ్గింది. ఫలితం బాగానే ఉంది, నేను కాదనను. అయితే డబ్బు పెట్టింది ఆ పెప్టైడ్లు తయారుచేసే గెలీటా కంపెనీ. అందులో వాడింది వాళ్ళ ప్రత్యేకమైన రకం, నా డబ్బాలో ఉన్న చేప పొడి కాదు. తర్వాత 2021లో వచ్చిన నాలుగేళ్ళ కొనసాగింపులో ఉన్నది 31 మందే, పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు. అన్నిటికన్నా ముఖ్యం, కొలాజెన్ తాగితే తుంటి విరగడం తగ్గిందని చూపించిన పెద్ద పరీక్ష ఒక్కటీ లేదు. మనకి కావలసింది విరగకుండా ఉండటమే కదా.

శాకాహారుల ఇళ్ళలో వాళ్ళకి ఒక మాట: కొలాజెన్ జంతువుల్లోనే ఉంటుంది, చేప, పశువు, పంది, కోడి. డబ్బా మీద గోధుమ రంగు త్రికోణం గుర్తు చూసుకోండి. ఆకుపచ్చ చుక్కతో, వీగన్ కొలాజెన్ అని అమ్మేవి కొన్ని అమైనో ఆమ్లాలు, విటమిన్ సి కలిపిన పొడులు, పైన చెప్పిన పరీక్ష వాటికి వర్తించదు.

ప్రొటీన్ లెక్కలో కూడా దీని మీద ఆధారపడొద్దు. ట్రిప్టోఫాన్ అనే తప్పనిసరి అమైనో ఆమ్లం ఇందులో అసలు ఉండదు. రెండు గుడ్లో, పెసరట్టూ గ్లాసు పాలో తీసుకుంటే అంతకన్నా మెరుగైన ప్రొటీన్ చాలా తక్కువ ఖర్చులో వస్తుంది. ఇక కాల్షియానికైతే రాగిజావ, నువ్వులుండ, పెరుగు మన ఇళ్ళలో ఉన్నవే.

ఇంకొకటి, మోకాళ్ళ నొప్పులనీ ఎముకలు గుల్లబారడాన్నీ ఒకటే అనుకుంటున్నారు చాలామంది. గుల్లబారిన ఎముక నొప్పి పెట్టదు, విరిగేదాకా తెలియదు. కొందరికి వెన్నుపూస మెల్లగా కుంగి, ఎత్తు తగ్గి గూని వచ్చాక బయటపడుతుంది. అందుకని పౌడర్ తాగాక మోకాలు తేలికైంది అంటే ఎముక గట్టిపడిందని అర్థం కాదు. అది చెప్పేది డెక్సా స్కాన్, అంటే ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే పరీక్ష. అందులో వచ్చే అంకె టీ-స్కోర్, అది మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే సాంద్రత తగ్గినట్టు, మైనస్ 2.5 లేదా అంతకన్నా కిందికి పోతే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు. రెండు మూడు డబ్బాల ఖర్చు పెడితే మా ఊళ్ళో ఆ స్కాన్ అయిపోతుంది, ముందు అది చేయించుకోండి. నాది మైనస్ 1.8 వచ్చింది, డాక్టరమ్మ కాల్షియం, డి విటమిన్, నడక, కొంచెం బరువులెత్తే వ్యాయామం చెప్పారు. పౌడర్ గురించి అడిగితే తాగితే తాగండి, దాన్ని నమ్ముకుని ఇవి మానొద్దు అన్నారు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది మా పెద్దమ్మ విషయం. ఆవిడ టీ-స్కోర్ మైనస్ 3 దాటింది, ఎముక అరుగుదలని తగ్గించే అలెండ్రోనేట్ మాత్ర వారానికొకటి రాశారు. అది పరగడుపున గ్లాసుడు మంచినీళ్ళతో వేసుకుని అరగంట నడుం వాల్చకూడదు, కాఫీ కూడా తాగకూడదు. ఆ అవస్థ పడలేక, ఎవరో చెప్పారని మాత్ర మానేసి ఈ పౌడర్‌కి మారిపోదామని చూసింది. అమ్మా, అత్తయ్యా, ఎవరైనా సరే, దయచేసి ఆ పని చేయొద్దు. ఎముక విరగడాన్ని తగ్గిస్తాయని పెద్ద పరీక్షల్లో తేలినవి ఆ మందులే. మాత్ర పడకపోతే డాక్టరుతో చెప్పండి, ఏడాదికొకసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటివి ఉన్నాయి. పెద్దమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాం, ఇప్పుడు ఆవిడకి అదే ఇస్తున్నారు.

ఇంట్లో డబ్బా ఉండి ఎలాగూ తాగుతున్నవాళ్ళు బయోటిన్ ఎంతుందో లేబుల్‌లో చూడండి. ఎక్కువ మోతాదులో ఉంటే థైరాయిడ్ రక్తపరీక్షలు తప్పుగా చూపించే అవకాశం ఉంది. మన వయసు వాళ్ళలో థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు ఎంతమందో మీకే తెలుసు. పరీక్షకి వెళ్ళేటప్పుడు ల్యాబులో, డాక్టరుకీ ఈ పౌడర్ సంగతి చెప్పి, ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి. కాల్షియం మాత్రకీ థైరాయిడ్ మాత్రకీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉంచండి. చేప పడనివాళ్ళు, కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు డాక్టరుని అడగకుండా మొదలుపెట్టొద్దు.